బాలమురళి గారి జయంతికి ఆయన రచనలతోనే గంటన్నర కచేరీ: ఏవి పాడాలి, ఏ వరసలో?

ప్రశ్న: వేణునాదం

జూలై 6న మా సభలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జయంతి. ఆయన పాడిన త్యాగరాజ కృతులు, రామదాసు కీర్తనలు ఏటా వింటూనే ఉన్నాం. ఈసారి ఆయన స్వయంగా రాసి స్వరపరచినవే పాడించాలని అనుకున్నాం. పాడే అమ్మాయి డిప్లొమా పూర్తిచేసింది, శృతి ఐదు. పక్కన వయొలిన్, మృదంగం ఉంటాయి. మొత్తం 90 నిమిషాలు, అందులో 5 నిమిషాలు పరిచయానికి పోతాయి.

వరస ఎలా వేసుకోవాలి? ఆయన తెచ్చిన నాలుగు స్వరాల రాగాలు మహతి, లవంగి రెండూ ఒకే కచేరీలో పెట్టొచ్చా? అమ్మాయి మహతి సాధన చేస్తుంటే మధ్యమధ్య వలజి అనే వేరే రాగం వినిపిస్తోందని వయొలిన్ విద్వాంసులు అంటున్నారు, దాన్ని దిద్దేదెలా? పరిచయానికి మావాళ్ళు రాసిన వాక్యం ఇది: "విజయవాడలో పుట్టి, త్యాగరాజస్వామి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి దగ్గర నేర్చి, 72 మేళకర్తలను సృష్టించిన మహానుభావుడు." ఇది సరిగ్గా ఉందా?

జవాబు 1: పారుపల్లి బాణీ

ముందు ఆ వాక్యం మార్చండి, అందులో మూడు తప్పులున్నాయి. బాలమురళి గారు పుట్టింది 1930 జూలై 6న శంకరగుప్తంలో. అప్పుడది తూర్పుగోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. విజయవాడ ఆయన పెరిగిన ఊరు, కొలువు చేసిన ఊరు. తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు, బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే కన్నుమూశారు. పెట్టిన పేరు మురళీకృష్ణ. చిన్నతనంలో ఆయన పాట విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు ఆ పేరుకు ముందు 'బాల' చేర్చారు.

ఇక గురు పరంపర. త్యాగరాజస్వామి, ఆయన శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి శిష్యులు బాలమురళి. స్వామితో కలిపి లెక్కిస్తే ఐదో తరం. మీ వాక్యంలో రెండు తరాలు ఎగిరిపోయాయి, ముఖ్యంగా అసలు గురువు పంతులు గారి పేరే లేదు. ఆ పేరు లేకుండా బాలమురళి పరిచయం చెయ్యకూడదు. సినిమా సంగీత దర్శకులు సుసర్ల దక్షిణామూర్తి గారు వేరు. సభలో చదివేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

72 మేళకర్తలను (ఇతర రాగాలకు మూలమైన జనక రాగాలను) ఆయన సృష్టించలేదు, అవి వెంకటమఖి నాటివి. ఆ 72లో ఒక్కొక్కదానికి ఒక కృతి చొప్పున పిన్నవయసులోనే రచించారు. 'జనక రాగ కృతి మంజరి' పేరుతో అవి 1952లో అచ్చయ్యాయి. ఆయన కొత్తగా తెచ్చినవి మహతి, లవంగి, సుముఖం వంటి రాగాలు. నాలుగు స్వరాలకే రాగం అవుతుందా అని 1980లలో వీణ ఎస్. బాలచందర్ గారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ చర్చ జరిగిందని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు, దాచాల్సిన పని లేదు.

ఐదు నిమిషాల్లో బిరుదుల చిట్టా చదవకండి. 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, ఈ రెండూ చాలు. మిగిలిన సమయంలో విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని కార్యక్రమానికి ఆయన చేసిన పని చెప్పండి. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగతి, వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించగలగడం కూడా చెప్పండి. తిల్లానాల్లో (మృదంగం పలుకుల్లాంటి జతులతో నడిచే రచనల్లో) ఆ తాళం లెక్క ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు వినేవాళ్ళకు తెలుస్తుంది.

జవాబు 2: గమకం

మహతి సంగతి చెబుతాను. స్వరాలు షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. వలజిలో ఇవే నాలుగుకు చతుశ్రుతి ధైవతం తోడవుతుంది. నిషాదానికీ పంచమానికీ మధ్య ఆ ధైవతం దారిలోనే కూర్చుని ఉంది. నిషాదం నుంచి పంచమానికి జారుగా (మధ్యలో తెగకుండా జారుతూ) దిగితే గొంతు దాన్ని తాకక తప్పదు, తాకగానే వలజి వచ్చేస్తుంది. మీ వయొలిన్ విద్వాంసులు విన్నది ఇదే అయ్యుండాలి. ఆరోహణలో ఈ బాధ తక్కువ, దిగేటప్పుడే జాగ్రత్త పడాలి. ఇంకో కారణం కంపితం, అంటే స్వరాన్ని ఊపడం. వేరే రాగాల అలవాటులో నిషాదాన్ని ఊపితే ఆ ఊపు కింది అంచు ధైవతం మీద పడుతుంది.

దిద్దే పద్ధతి: నిషాదం ఊపు లేకుండా నిలబెట్టాలి. 'ని' పూర్తిగా ఆగాక 'ప' విడిగా, కొత్తగా పలకాలి. జారు కావాలంటే నిషాదం నుంచి పై షడ్జానికి వాడుకోవచ్చు, గాంధారం నుంచి కింది షడ్జానికీ వాడుకోవచ్చు. ని-ప మధ్య మాత్రం మొదటి నెలంతా అసలొద్దు. మొదట అకారం ('ఆ' అంటూ పాడడం) వద్దు, స్వరాలు పలుకుతూనే సాధన చెయ్యాలి. అకారంలో జారు తెలియకుండా దూరిపోతుంది.

సాధనకు ఒక లెక్క ఉంది. నాలుగు స్వరాలు, ఏదీ రెండోసారి రాకుండా, 24 రకాలుగా అమరుతాయి: సగపని, సగనిప, సపగని... ఇలా. మొత్తం 96 స్వరాలు. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున పాడితే ఆవర్తనానికి 32, సరిగ్గా మూడు ఆవర్తనాల్లో పూర్తవుతాయి. ముందు అక్షరానికి ఒకటి చొప్పున 12 ఆవర్తనాలు, తర్వాత రెండు చొప్పున 6, ఆపైన 3. నెమ్మది కాలంలో ధైవతం వినిపిస్తే పై కాలానికి పోవద్దు, వేగంలో తప్పు పోదు, కప్పబడుతుంది.

కచేరీలో మాత్రం ఈ 24 అమరికల ప్రస్తారం స్వరకల్పనగా (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే చోట) పాడకూడదు, లెక్కల పట్టీ చదివినట్టుంటుంది. 'మహనీయ మధుర మూర్తే' పాడి, నాలుగైదు చిన్న ఆవృత్తులు స్వరం వేసి ఆపేస్తే బాగుంటుంది. అందులో మంద్ర (కింది స్థాయి) నిషాదం, తార (పై స్థాయి) గాంధారం తప్పక రావాలి. స్వరాలు తక్కువైన రాగానికి స్థాయిలే విస్తారం.

జవాబు 3: తంబురా తీగ

లవంగి కూడా పెట్టొచ్చు, కానీ మహతి పక్కనే వద్దు. లవంగిలో షడ్జం, శుద్ధ ఋషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. పంచమం చేరితే కర్ణాటక శుద్ధసావేరి అవుతుంది. మహతిలో పంచమం మీద నిలిచిన గొంతు వెంటనే లవంగికి వస్తే మధ్యమం మీద ఆగకుండా పంచమం వైపు లాగుతుంది.

లవంగిలో అంతకంటే పెద్ద చిక్కు శృతిభేదం, అంటే వేరే స్వరం షడ్జంలా వినిపించడం. ఋషభాన్ని ఆధారంగా వింటే అక్కడినుంచి మధ్యమం అంతర గాంధారంలా, ధైవతం పంచమంలా, పై షడ్జం కాకలి నిషాదంలా వినిపిస్తాయి. ఋషభం మీద ఎక్కువసేపు నిలిస్తే వినేవాళ్ళ చెవిలో షడ్జం మారిపోతుంది, పాడేవాళ్ళకీ ఆధారం జారుతుంది. అందుకే షడ్జం, మధ్యమం, ధైవతం మీదే న్యాసం చేసుకోవాలి (ఆగాలి), ఋషభాన్ని తాకి వచ్చెయ్యాలి. తంబురా తీగను మధ్యమానికి మార్చమని కొందరు సలహా ఇస్తారు. మన కచేరీ పద్ధతిలో హిందోళానికీ శ్రీరంజనికీ పంచమం తీగే ఉంచుతాం, ఒక్క పాట కోసం మార్చి మళ్ళీ కలపడానికి పట్టే సమయంలో సభ చల్లబడుతుంది. ఎలక్ట్రానిక్ తంబురా అయితే మీట మార్చడమే కాబట్టి మధ్యమం పెట్టుకోండి, ఈ రాగానికి అదే మేలు.

లవంగి కృతి 'ఓంకారాకారిణి' ఎత్తుగడలో ఊపిరి మధ్యలో తీసి 'ఓంకారా, కారిణి' అని విరవకూడదు. తన పాటలో సాహిత్యం ఎప్పుడూ నలగనివ్వని వాగ్గేయకారుడికి అది అన్యాయం.

నేనైతే ఇలా వేస్తాను. కచేరీ మొదట పాడే రచన అయిన వర్ణంగా షణ్ముఖప్రియలోని 'ఓంకార ప్రణవ' రెండు కాలాల్లో, 8 నిమిషాలు. గంభీరనాట వర్ణం 'అమ్మ ఆనందదాయిని' జనానికి ఎక్కువ తెలుసు గానీ, తర్వాత మహతి ఉంది కాబట్టి వద్దనుకుంటున్నాను. గంభీరనాట కాకలి నిషాదం మహతి కైశికిని పైకి లాగుతుంది. వర్ణం తర్వాత గురుస్తుతిగా 'గురుని స్మరింపుమో' 7 నిమిషాలు, మహతి 14. ప్రధానంగా జనక రాగ కృతుల్లోంచి అమ్మాయికి ఆలాపన బాగా వచ్చిన మేళం ఒకటి తీసుకోండి. కల్యాణో, ఖరహరప్రియో. అరుదైన మేళం ఎంచుకుని స్వరాలు వెతుక్కుంటూ ఆలాపన చెయ్యడం కంటే ఇది ఎంతో మెరుగు. ఆలాపన 10, కృతి, నెరవు (ఒక పాదాన్ని రకరకాలుగా విస్తరించడం), స్వరం 20, తని (మృదంగం ఒంటరిగా వాయించేది) 10. తర్వాత లవంగి 6, తిల్లానా 8. మొత్తం 83, పరిచయంతో 88.

వేణునాదం: చాలా సంతోషం అండీ. వాక్యం మార్చేశాం. ప్రధానం ఖరహరప్రియ అనుకుంటున్నాం. తిల్లానా కదనకుతూహలమా, కుంతలవరాళా?

జవాబు 4: అరుది

కుంతలవరాళి. ఖరహరప్రియ, లవంగి తర్వాత చెవికి మార్పు కావాలి, ఇందులో ఋషభ గాంధారాలు అసలు లేవు. ఆరోహణ స మ ప ధ ని ధ స, అవరోహణ స ని ధ ప మ స. దిగేటప్పుడు మధ్యమం నుంచి నేరుగా షడ్జానికి రావాలి. ఆ దూకుడులో గాంధారం నీడ పడితే రాగం చెడుతుంది, మహతికి చెప్పిన మందే దీనికీ పనిచేస్తుంది.

ఆయన తిల్లానాల్లో జతులు మృదంగం తెలిసిన మనిషి కట్టినవి. 'త', 'ధి', 'న' అక్షరాలు స్పష్టంగా పడకపోతే నడక కుంటుతుంది. రికార్డింగులో ఆయన వేగం విని ఆ వేగానికి ఎత్తుకుంటే మూడో ఆవర్తనానికే పలుకు చెడుతుంది. అమ్మాయి జతులు స్పష్టంగా పలకగలిగే వేగమేదో చూసుకుని, దానికంటే కాస్త తగ్గించి ఎత్తుకోమనండి, సభలో వేగం ఎలాగూ పెరుగుతుంది. ఎత్తుగడ స్థానాలు కాగితం మీద రాసి మృదంగం వారికి వారం ముందే ఇవ్వండి. వయొలిన్ వారికి మహతి, లవంగి స్వరస్థానాలు కూడా రాసివ్వండి. గొంతు ఎంత శుద్ధంగా ఉన్నా వేలు అలవాటుగా ధైవతం మీద జారితే వినేవాళ్ళకు మళ్ళీ వలజే వినిపిస్తుంది.