నాన్నగారి కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నాను. సైకియాట్రిస్టుకి చూపించుకుంటే ఇంటికి ఏమేం తెలుస్తాయి?

ప్రశ్న: గుణుపురం_21

మాది రాయగడ జిల్లా గుణుపురం. వయసు 21, విశాఖలో చదువు. నాన్నగారి కంపెనీ గ్రూప్ పాలసీలో డిపెండెంట్‌గా నా పేరుంది. కొన్నాళ్లుగా నిద్ర సరిగ్గా లేదు, ఊరికే గాభరా. సైకియాట్రిస్టుని కలుద్దామనుకుంటున్నాను. ఇంట్లో చెప్పనని కాదు, ఎప్పుడు చెప్పాలో నేనే నిర్ణయించుకోవాలని. కార్డు వాడితే నాన్నగారికి తెలుస్తుందా? వాడకపోయినా తెలిసే దారులున్నాయా? అడ్మిట్ కావాల్సి వస్తే ఎలా?

జవాబు: క్లెయిమ్_డెస్కు

ఓపీనా, అడ్మిషనా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుందమ్మా.

చాలా గ్రూప్ పాలసీల్లో ఓపీ కవర్ కాదు. మీరు ఫీజు కట్టి డాక్టరుని కలిసి బయటికొస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ సంగతే తెలియదు. కార్డు చూపించకండి, బిల్లు క్లెయిమ్‌కి పెట్టకండి, అంతే. కంపెనీ ఇచ్చిన యాప్‌లో "ఫ్రీ కన్సల్టేషన్" ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. ఆ లాగిన్ ఉద్యోగిది, అంటే నాన్నగారిది, బుకింగ్ ఆయనకి కనిపిస్తుంది.

అడ్మిషన్‌లో క్యాష్‌లెస్ అడిగితే దాచడం కుదరదు. హాస్పిటల్ డెస్కు ప్రీ-ఆథరైజేషన్ ఫారం పంపుతుంది. అందులో పేషెంటు పేరు, జబ్బు, ఎన్నాళ్ల నుంచి ఉంది, డాక్టరు పేరు, అంచనా ఖర్చు అన్నీ ఉంటాయి. రిక్వెస్టు అందిందనీ, క్వెరీ వచ్చిందనీ, ఇంత అప్రూవ్ అయిందనీ, డిశ్చార్జికి ఫైనల్ అయిందనీ వచ్చే మెసేజ్‌లు, మెయిళ్లు ఉద్యోగి నంబరుకే వెళ్తాయి. లెటర్ పోర్టల్లో ఉంటుంది. డెస్కులో మీ నంబరు రాయించినా టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) రికార్డులో ఉన్న నంబరు మారదు.

నెట్‌లో ఇంగ్లీషులో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికావి. అక్కడ పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండొచ్చు. ఇన్సూరెన్స్ కాగితాలు వేరే చిరునామాకి పంపమని కోరే పద్ధతి కూడా ఉంది. దాన్ని నమ్ముకుని ఇక్కడ అడ్మిట్ కావొద్దు.

జవాబు: చట్టం_చదువరి

డాక్టరు వైపు నుంచి మీకు గట్టి రక్షణే ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 (అమల్లోకి వచ్చింది 2018 మే 29న) సెక్షన్ 23 ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. మీకు 18 దాటాయి కాబట్టి తండ్రి అడిగినా మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. మినహాయింపులున్నాయి: ప్రాణాపాయం, ఇతరులకు హాని జరిగే ప్రమాదం, కోర్టు ఆదేశం లాంటివి.

ఎవరూ పట్టించుకోని మినహాయింపు ఇంకొకటుంది. "నామినేటెడ్ రిప్రజెంటేటివ్", అంటే చికిత్స విషయంలో మీ తరఫున నిలబడే మనిషి, తన బాధ్యత చేయడానికి కావలసిన సమాచారం ఆ మనిషికి ఇవ్వొచ్చు. మీరు ఎవరినీ నామినేట్ చేయకపోతే ఆ స్థానం మొదట బంధువుకి వెళ్తుంది, అంటే ఇంటికే. అందుకే సెక్షన్ 14 వాడుకోండి. తెల్లకాగితం మీద "నా నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా ఫలానా వారిని నియమిస్తున్నాను" అని రాసి సంతకం పెడితే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆ మనిషికి 18 నిండి ఉండాలి, ఒప్పుకుంటున్నట్టు వాళ్లూ రాసివ్వాలి. అక్కో, పిన్నో, నమ్మకమైన స్నేహితురాలో, ఎవరైనా సరే. ఒక కాపీ మీ ఫైల్లో పెట్టించండి. మనసు మారితే రద్దు చేసి ఇంకొకరి పేరు రాయొచ్చు.

అడ్మిషన్ అవసరమైనా, నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్న మేజరు సెక్షన్ 86 కింద తన సంతకంతోనే చేరొచ్చు. ఇంటివాళ్ల సంతకం తేవాలని కౌంటర్లో పట్టుబడితే ఈ సెక్షన్ చెప్పండి.

జవాబు: వాల్తేరు_దారి

డబ్బు సమస్యయితే ప్రైవేటుకే వెళ్లాలని లేదు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. సెలవుల్లో ఇంటి వైపు ఉంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. ఓపీ చీటీకి ఇన్సూరెన్స్ కార్డుతో పని లేదు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఈ గోప్యత లెక్కలన్నీ పక్కన పెట్టి, వెంటనే ఆ నంబరుకి చేయండి. దగ్గరున్న మనిషికి చెప్పండి.

మందుల గురించి మీరు అడగలేదు గానీ, అసలు గుట్టు బయటపడేది అక్కడే. గాభరాకి, నిద్రకి రాసే అల్ప్రజోలం, జోల్పిడెం లాంటి షెడ్యూల్ హెచ్1 మందులు (అమ్మకాన్ని రాసిపెట్టాల్సిన జాబితాలోవి) అమ్మితే షాపువాళ్లు పేషెంటు పేరు, రాసిన డాక్టరు పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నవి వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరు ఇంటికి రాదు. కానీ గుణుపురంలాంటి ఊళ్లో షాపాయనకి మీ నాన్నగారు తెలిసే ఉంటారు. సెలవులకి ఎన్నాళ్లు వెళ్తున్నారో డాక్టరుకి చెప్పి, అన్నాళ్లకీ సరిపడా రాయించుకుని విశాఖలోనే కొనుక్కోండి. ఇంట్లో ఎవరైనా చూస్తారని మాత్రం మందు మధ్యలో ఆపేయొద్దు. ఆందోళనకి రోజూ వేసుకునే మందుల గుణం తెలియడానికే కొన్ని వారాలు పడుతుంది. నిద్రమాత్రల రకాలు ఒక్కసారిగా మానితే నిద్రలేమి, గాభరా ముందుకన్నా ఎక్కువ కావొచ్చు.

ప్రశ్న అడిగినవారు: గుణుపురం_21

చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొకటి. వెళ్దామనుకున్న హాస్పిటల్లో చిన్నప్పుడు నాన్నగారే నా పేరు నమోదు చేయించారు. నా బ్యాంకు ఖాతా కూడా ఆయన తెరిచిందే. ఇవి అడ్డొస్తాయా?

జవాబు: క్లెయిమ్_డెస్కు

రెండూ అడ్డొస్తాయి. ముందు వీటినే సరిచేసుకోండి.

పాత రిజిస్ట్రేషన్ నంబరు కింద నాన్నగారి మొబైలే ఉంటుంది. అపాయింట్‌మెంట్, ల్యాబ్ రిపోర్టు లింకు, ఫార్మసీ బిల్లు అన్నీ అటే పోతాయి. ఆధార్ పట్టుకుని రిజిస్ట్రేషన్ కౌంటరుకి వెళ్లి నంబరు మార్పించండి. కొత్త ఐడీ తీయించుకుంటే పాత రికార్డు విడిపోతుంది, అలర్జీల్లాంటివి డాక్టరుకి కనిపించవు. మార్చాక వాళ్లని అక్కడే ఒక టెస్టు మెసేజ్ పంపమనండి. ఫార్మసీ, ల్యాబ్ కౌంటర్లలో నంబరు విడిగా ఉండొచ్చు, అక్కడా చూసుకోండి. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ) నాన్నగారి మొబైల్‌తో చేసి ఉంటే ఓటీపీలు ఆయనకే వెళ్తాయి. దాన్ని మీ మొబైల్‌కి మార్చేవరకు కౌంటర్లో ఆభా ఇవ్వకండి, తప్పనిసరి కాదు.

మైనరు ఖాతాని 18 నిండాక కొత్త కేవైసీ, సంతకంతో మేజరు ఖాతాగా మార్చుకోవాలి. అప్పుడే మొబైల్ నంబరు, మెయిల్ కూడా మార్పించండి. లేకపోతే యూపీఐలో కట్టిన ప్రతి ఫీజుకీ ఆయన ఫోన్లో మెసేజ్ మోగుతుంది. ఈలోగా నగదు కట్టండి.

తర్వాతెప్పుడైనా సొంత పాలసీ తీసుకుంటే ప్రపోజల్ ఫారంలో ఈ చికిత్స సంగతి నిజమే రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకి క్లెయిమ్ ఇచ్చేదాకా ఆగాల్సిన వెయిటింగ్ ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే, దాచి దొరికిపోతే క్లెయిమే పోతుంది. ఆ ఫారం మీ పేరు మీద, మీ మెయిల్‌కే వస్తుంది.