ఋషికొండ దగ్గర కనబడిన ఎర్రచుక్కల తెల్ల చిమ్మట పేరేంటి?

ప్రశ్న (సాగరతీరం):
నిన్న పొద్దున్న ఋషికొండ బీచ్ వెనక ఇసుకదిబ్బ మీద నడుస్తుంటే, కాళ్ల ముందు నుంచి తెల్లగా ఏదో లేచి కాస్త దూరంలో గడ్డి మీద వాలింది. టైము తొమ్మిది, ఎండ బాగా ఎక్కింది. చిమ్మటలు రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గరికే వస్తాయనుకునేవాణ్ణి. వంగి చూశాను. రెక్కలు మూసుకుంటే నా బొటనవేలి గోరు కంటే కొంచెం పొడవు. మీగడ తెలుపు మీద నల్లచుక్కలు, వాటి మధ్య కుంకుమ చిందినట్టు ఎర్రమచ్చలు. ఎగిరినప్పుడు వెనక రెక్క కనబడింది: తెల్లగా, అంచున వంకర్లు తిరిగిన నల్లపట్టీ.

ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు పురుగుల నోట్‌బుక్ రాస్తోంది. బొమ్మ వేసి పేరు దగ్గర ఖాళీ వదిలింది. పాత పుస్తకంలో ఆర్క్టిడే కుటుంబం అని ఉంది, యాప్ ఎరెబిడే అంటోంది. ఏది రాయమంటారు?

జనుముచేను:
బాబాయ్ గారూ, ఇది యుటెథీసా అనే ప్రజాతి చిమ్మట. పుస్తకం రాసిననాటికి ఆర్క్టిడే సరైనదే. తర్వాత డీఎన్ఏ పోల్చి చూసి, ఆర్క్టిడేని ఎరెబిడేలో కలిపి ఆర్క్టినే అనే ఉపకుటుంబం చేశారు. కాబట్టి ఎరెబిడే రాయించండి. మా జనుములో దీని పురుగులు కాయ తొలిచి గింజలు తింటాయి. ఆ మొక్కలోని విషం ఒంట్లో దాచుకుంటాయి, అందుకే పిట్టలు ముట్టవు. పట్టపగలు ధైర్యంగా తిరగడం అందుకే.

రెక్కలపొడి:
యుటెథీసా వరకు సరే, జాతి పేరు మాత్రం ఫోటో చూసి రాయకండి. శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వర్ణించిన పుల్కెల్లా, దాన్ని పోలిన లోట్రిక్స్, ఈ రెండు జాతులూ మన దేశంలో ఉన్నాయి. చుక్కలు దాదాపు ఒకటే. మగదాని జననాంగాలు విప్పి చూస్తేనే ఖాయంగా తేలుతుంది. దానికోసం చంపడం నాకు ఇష్టం లేదు.

సాగరతీరం:
మాకూ ఇష్టం లేదండీ. మనవరాలు ‘ఎరెబిడే, ఆర్క్టినే, యుటెథీసా’ అని రాసి, జాతి దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టింది. ఇవాళ మళ్లీ వెళ్లాం. ఒక మొక్క మీద గొంగళిపురుగు దొరికింది: నల్లటి ఒళ్లు, వీపున తెల్లగీత, కణుపు కణుపుకీ నారింజ మచ్చ, పలచగా వెంట్రుకలు. మొక్క పూలవెన్ను తేలుతోకలా చుట్టుకుని ఉంది. తేలుమణేనా?

జనుముచేను:
అదే బాబాయ్ గారూ. జనుము లేనిచోట ఇవి తినేది ఆ రకం మొక్కలే. ఆకు కూడా గీయమనండి.