సిటీ బస్సుకు ఏసీ పెట్టారు సరే, కిటికీలు ఎందుకు బిగించేశారు?

కిటికీసీటు

సిటీ బస్సుల్లోకి ఏసీ రావడం, కిటికీలు తెరుచుకోకుండా పోవడం రెండూ ఒకే మార్పు అన్నట్టు చాలామంది మాట్లాడుతుంటారు. నా ఉద్దేశంలో అవి రెండు వేర్వేరు నిర్ణయాలు. మొదటిది మంచిదే. రెండోది మాత్రం తప్పు. పైగా ఆ తప్పును ఒక్కో నగరం విడివిడిగా చేసి, విడివిడిగా దిద్దుకుంటూ వస్తోంది. మీరేమంటారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ముందు కాస్త చరిత్ర. 1902లో విల్లిస్ క్యారియర్ మొదటి ఏసీ యంత్రాన్ని బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సు కోసం తయారుచేశాడు. తేమకు కాగితం సాగి రంగులు చెదిరిపోతున్నాయని చేసిన ఏర్పాటు అది, మనుషుల సుఖం కోసం కాదు. తర్వాత సినిమా హాళ్లకు వచ్చింది. 1931లో అమెరికాలోని బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే కంపెనీ కొలంబియన్ రైలు మొత్తానికి ఏసీ పెట్టింది. 1940 మోడల్ ప్యాకార్డ్ కారులోకి వచ్చింది. దూరప్రయాణపు బస్సుల్లోనూ త్వరగానే కుదురుకుంది. అమెరికా బస్సు కంపెనీ గ్రేహౌండ్ వాళ్లు 1954లో రోడ్డెక్కించిన సీనిక్రూయిజర్ బస్సులో ఏసీ ఉంది. వెనకబడింది సిటీ బస్సే. అది రెండు నిమిషాలకోసారి ఆగి తలుపులు బార్లా తెరవాలి కదా.

అమెరికాలో జనరల్ మోటార్స్ 1959లో తెచ్చిన 'న్యూ లుక్' సిటీ బస్సుకు కావాలంటే ఏసీ పెట్టి ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత 1977లో అదే కంపెనీ ఆర్‌టీఎస్ అనే మోడల్ దింపింది. చూడ్డానికి అద్భుతంగా ఉండేది: నున్నటి ఒళ్లు, పొడవాటి అద్దాలు. కానీ మొదట్లో వచ్చిన బస్సుల్లో ఎక్కువ వాటికి కిటికీలు తెరుచుకునేవి కావు. ఏసీ యూనిట్టేమో వెనక ఇంజన్ పైన పెట్టారు. ఇంజన్ వేడికి అది తరచూ మొరాయించేది. ఏసీ ఆగి, కిటికీ తెరుచుకోక, లోపల నిండా జనం ఉంటే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. తర్వాత తెరుచుకునే కిటికీలతో కూడా ఆ బస్సు అమ్మారు, ఏసీ చోటు కోసం వెనక భాగం ఆకారమే మార్చారు. ఈ బుద్ధి ముందే ఉండాల్సింది.

స్టీరింగ్

నేను బస్సు నడుపుతాను. మీరు చెప్పిందంతా ప్రయాణికుల వైపు నుంచే ఉంది. ప్రయాణికుడు అరగంటలో దిగిపోతాడు. డ్రైవర్ షిఫ్టు మొత్తం పెద్ద అద్దం వెనకే ఎండలో కూర్చోవాలి. వేడికి చూపు మందగిస్తుంది, చిరాకు పెరుగుతుంది, బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది. నావరకు ఏసీ అంటే సుఖం కాదు, భద్రత. కిటికీ ఉంటే చాలు అనేవాళ్లు ఒక్క మధ్యాహ్నం నా సీట్లో కూర్చుని చూడాలి.

కిటికీసీటు

స్టీరింగ్ గారూ, ఏసీ వద్దని నేను అనలేదు. ఉండాలి. అది ఆగిపోయిన రోజు తెరవడానికి కిటికీ కూడా ఉండాలి అంటున్నాను, అంతే.

షెడ్డుమనిషి

బస్సు ఏసీల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తే చర్చ కొంచెం తేలికవుతుందేమో.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. అరవై మంది ఎక్కితే 6 కిలోవాట్లు. దానికి అద్దాల్లోంచి వచ్చే ఎండ, పైకప్పు వేడి, తలుపు తెరిచిన ప్రతిసారీ దూసుకొచ్చే బయటి గాలి కలపండి. అందుకే 12 మీటర్ల బస్సుకు 30 కిలోవాట్లకు అటూ ఇటూగా చల్లబరిచే యూనిట్ పెడతారు. ఇంట్లో పెట్టుకునే టన్నున్నర ఏసీలు ఆరు కలిస్తే ఎంతో, ఇదీ అంతే.

డీజిల్ బస్సులో ఏసీ గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్ ఇంజన్ బెల్టు మీద తిరుగుతుంది. ఇంజన్ జోరుగా తిరిగితే చల్లదనం ఎక్కువ. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ ఐడిల్‌లోకి పోయి నెమ్మదిగా తిరుగుతుంది, దాంతో కంప్రెసర్ కూడా నెమ్మదిస్తుంది. అంటే బస్సు ఆగి, గాలి ఆడక, జనం ఉక్కిరిబిక్కిరయ్యే సమయంలోనే ఏసీ బలం సగానికి సగం పడిపోతుంది. ఆర్‌టీఎస్ ఒక్కదాని కథ కాదిది, బెల్టు మీద నడిచే ప్రతి బస్సు ఏసీ కథా ఇదే. గొట్టాలు పొడుగు, కుదుపులు ఎక్కువ, కాబట్టి గ్యాస్ లీకవుతూనే ఉంటుంది. (వెనకటి రోజుల్లో ఆ గ్యాస్ ఆర్-12. ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మానేశారు. ఆ పాత బస్సుల నుంచి ఎంత గ్యాస్ గాల్లో కలిసిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.)

ఏసీ నడుస్తున్నప్పుడు కిటికీలు మూసే ఉండాలి. ఇందులో వాదనే లేదు. బయటి తేమగాలి లోపలికి వస్తే, ఏసీ బలమంతా ఆ తేమను నీరుగా మార్చడానికే పోతుంది. కానీ మూసి ఉంచడం వేరు, తెరవడానికి వీల్లేకుండా చేయడం వేరు. రెండోదానికి అసలు కారణం ఏసీ కాదు. అద్దాన్ని జిగురుతో నేరుగా బాడీకి అతికిస్తే ఫ్రేము ఖర్చు ఉండదు, గడగడ చప్పుడు ఉండదు, వానకు కారదు, చూడ్డానికీ బాగుంటుంది. తయారుచేసేవాడికి అన్నీ లాభాలే. "ఏసీ ఉందిగా, ఇక కిటికీ ఎందుకు" అన్నది ఆ లాభానికి దొరికిన సాకు.

డబుల్‌డెక్కర్

షెడ్డుమనిషి గారి లెక్కలు ఒప్పుకుంటాను, ముగింపు ఒప్పుకోను. హాంకాంగ్ సంగతి చూడండి.

ఉక్కపోతకు పేరుపడ్డ ఊరు, దానికి తోడు రెండంతస్తుల బస్సులు. 1980ల మొదట్లో ప్రయోగాలు చేసినప్పుడు ఏసీ కోసమే విడిగా ఇంకో ఇంజన్ పెట్టాల్సి వచ్చింది. బరువు, చప్పుడు, రిపేర్లు అన్నీ రెట్టింపు. అయినా వదల్లేదు. ఆ దశాబ్దం చివరికల్లా బస్సును నడిపే ఇంజనే ఏసీని కూడా నడపగలిగే లేలాండ్ ఒలింపియన్‌లు వచ్చాయి, అక్కణ్ణించి కౌలూన్ మోటార్ బస్ కంపెనీ వెనక్కి చూడలేదు. ఏసీ లేని బస్సులకు జనం 'హాట్ డాగ్' అని పేరు పెట్టేశారు. ఆ కంపెనీ ఏసీ లేని చివరి బస్సును 2012 మేలో రోడ్డు మీంచి తీసేసింది. అంటే మొత్తం మారడానికి పాతికేళ్ల పైనే పట్టింది.

అక్కడ ఏసీ నిలబడింది కిటికీల వల్ల కాదు, షెడ్డులో పని వల్ల. ఏసీ పనిచేయని బస్సును బ్రేకు పనిచేయని బస్సులా చూసి లైన్లోకి పంపకూడదు. ఆ పట్టుదల ఉంటే కిటికీ అక్కర్లేదు. లేకపోతే కిటికీ ఉన్నా ఉపయోగం లేదు. ఇంకో మాట: తెరుచుకునే కిటికీ ఉంటే ఎవరో ఒకరు తెరుస్తారు. ఒక్కరి సరదాకు మిగతా అందరి చల్లదనం పోతుంది.

మూడోస్టాపు

నాకు ఆస్తమా ఉంది. కిటికీలు తెరిచి ఉన్న బస్సులో లారీ వెనక పది నిమిషాలు ఇరుక్కుంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. నాలాంటివాళ్లకు మూసిన కిటికీ అంటే ఊపిరి. ఈ చర్చలో పొగ గురించి ఎవరూ ఎత్తకపోతే ఎలా?

కిటికీసీటు

మూడోస్టాపు గారూ, మీ మాట కాదనలేనిది. ఏసీ బస్సులు ఉండాలని నేను గట్టిగా కోరుకునే కారణాల్లో అదీ ఒకటి.

డబుల్‌డెక్కర్ గారికి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది చార్జీ. హాంకాంగ్‌లోనూ సింగపూర్‌లోనూ ఏసీ బస్సుకు మామూలు బస్సు కంటే ఎక్కువ చార్జీ ఉండేది. రెండు రకాలూ తిరిగినన్నాళ్లూ తక్కువ డబ్బున్నవాళ్లు కాస్త ఆగి హాట్ డాగ్ ఎక్కేవాళ్లు. ఒక రూటు మొత్తం ఏసీ అయిందంటే ఆ తక్కువ చార్జీ కూడా దానితోపాటే పోయింది. పాతికేళ్ల విజయం అని మీరు చెప్పినదాంట్లో ఈ ముక్క కూడా కలిసి ఉంది.

రెండోది, మీరన్న షెడ్డు పని. అది పట్టుదలతోనే రాదు, డబ్బు కావాలి. అమెరికాలో జరిగింది చూడండి. 1964లో అర్బన్ మాస్ ట్రాన్స్‌పోర్టేషన్ చట్టం వచ్చింది. కొత్త బస్సులు కొనడానికి ఖర్చులో మూడింట రెండొంతుల వరకు కేంద్రం ఇచ్చేది, 1973లో దాన్ని 80 శాతానికి పెంచారు. బస్సు నడపడానికి, బాగుచేయడానికి మాత్రం 1974 దాకా పైసా ఇవ్వలేదు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కొనేటప్పుడు ఏసీ పెట్టించుకోవడం చవక, తర్వాత దాన్ని నడిపించడం ఖరీదు. ఏసీ ఉన్న బస్సులు పెరిగినంత వేగంగా ఏసీ బాగుచేసే చేతులు పెరగవు. ఏ నగరంలోనైనా బడ్జెట్టు తగ్గితే మొదట కోత పడేది షెడ్డుకే. ఆ కోత పడిన ఏడాది ప్రయాణికుణ్ణి కాపాడేది కిటికీ ఒక్కటే.

గాలిమర

ఇప్పటిదాకా చల్లదనం గురించే మాట్లాడుతున్నారు. గాలి మారడం గురించి కూడా మాట్లాడాలి. ఏసీ ఆన్‌లో ఉందంటే కొత్త గాలి వస్తోందని అర్థం కాదు. చాలావరకు లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది.

2020 జనవరిలో చైనాలోని నింగ్బోలో ఒక గుడికి వెళ్లిన బస్సులో ఒకే ఒక్కరి నుంచి 23 మందికి కరోనా సోకింది. దూరంగా వెనక సీట్లలో కూర్చున్నవాళ్లకూ వచ్చింది. అది చలికాలం, వేడిగాలి నడుస్తోంది, లోపలి గాలినే తిప్పే పద్ధతిలో ఉంది. అది సిటీ బస్సు కాదు, నిజమే. అయినా మూసిన పెట్టెలో గాలి ఎలా తిరుగుతుందో దాన్నిబట్టి తెలిసింది. ఆ తర్వాత చాలా నగరాల్లో ఏసీ నడుస్తున్నా సరే కిటికీలు కొద్దిగా తెరవండి అన్నారు. అద్దాలు అతికించేసిన బస్సుల్లో ఆ మాట పాటించడానికి దారే లేదు.

షెడ్డుమనిషి

కొత్త గాలి లాగే మూత యూనిట్లలో ఉంటుంది గాలిమర గారూ. కాకపోతే అది తెరిస్తే చల్లదనం తగ్గి ఫిర్యాదులు వస్తాయని చాలాచోట్ల మూసి ఉంచుతారు. ఫిల్టర్లు కూడా అంతే, కడగాల్సినన్నిసార్లు కడగరు. మూడోస్టాపు గారి పొగ సమస్యకు అసలు మందు ఆ ఫిల్టరే.

ఎర్రబస్సు

కిటికీసీటు గారి వాదనకు నాకు తెలిసినంతలో గట్టి సాక్ష్యం లండన్. అక్కడ ప్రయాణికులకు పూర్తి ఏసీ ఎప్పుడూ రివాజు కాలేదు. రూట్‌మాస్టర్ అనే అక్కడి పాత రెండంతస్తుల బస్సులో కిటికీ అద్దం కిందికి దించుకునే వీలుండేది. 2012లో హీథర్‌విక్ స్టూడియో డిజైన్ చేసిన కొత్త రూట్‌మాస్టర్ వచ్చింది. ఏసీ లేదు, గాలిని కాస్త చల్లబరిచి వదిలే ఏర్పాటు మాత్రమే ఉంది. అయినా కిటికీలు బిగించేశారు! ఎండాకాలం పై అంతస్తులో జనం అల్లాడిపోయారు. 2015లో తెరుచుకునే కిటికీలు పెట్టాలని నిర్ణయించారు, అందుకు దాదాపు 20 లక్షల పౌండ్ల ఖర్చు.

ఏసీ లేకుండానే కిటికీలు బిగించారంటే, ఆ అలవాటుకు ఏసీతో సంబంధం లేదని తేలిపోయినట్టే కదా? అదే లండన్‌లో బస్సు పైకప్పులకు తెల్లరంగు వేస్తారు, ఎండను తిప్పికొట్టడానికి. పెద్ద ఖర్చు లేని పని. ఏసీ వచ్చాక చాలాచోట్ల ఇలాంటి చిన్న ఉపాయాలను మర్చిపోయారు.

డబుల్‌డెక్కర్

లండన్ వేసవి, హాంకాంగ్ వేసవి ఒకటి కావండీ. లండన్‌లో ఏడాదికి కొన్ని వారాలు కష్టం. హాంకాంగ్‌లో ఏడాదిలో ఎక్కువ భాగం అదే. తేమ బాగా ఉన్నచోట కిటికీ తెరిస్తే వచ్చేది గాలి కాదు, ఇంకొంచెం ఉక్క. అయితే చార్జీ విషయంలో మీరన్నది సబబే, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఏసీ అందరికీ కావాలంటే అది మామూలు చార్జీలోనే రావాలి.

స్టీరింగ్

ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సు నడుపుతున్నాను. షెడ్డుమనిషి గారు చెప్పిన ఐడిల్ బాధ ఇందులో లేదు. కంప్రెసర్‌కు దాని మోటారు దానికే ఉంది, సిగ్నల్ దగ్గర ఆగినా ఒకే చల్లదనం. ఈ మార్పు ఎంత పెద్దదో ప్రయాణికులకు అంతగా తెలియదు. కానీ ఆ కరెంటు వచ్చేదీ చక్రాలు తిప్పే బ్యాటరీ నుంచే. సాయంత్రం చార్జింగు తగ్గుతున్నకొద్దీ చివరి ట్రిప్పు పూర్తవుతుందా అని టెన్షన్. అప్పుడు ఏసీ తగ్గించమంటారు. తగ్గిస్తే జనం నా మీద అరుస్తారు, ఎందుకంటే తెరవడానికి కిటికీ లేదు. పాత బస్సుల గొడవ అనుకున్నది కొత్త బస్సులోకీ వచ్చింది.

షెడ్డుమనిషి

అయితే కొత్త బస్సుల టెండర్లో ఏం రాయాలో నా మాట చెప్తాను. ప్రతి పక్కా నాలుగు కిటికీలకు పైభాగంలో చిన్న పలక, లోపలికి వాలేలా. ఏసీ నడుస్తున్నప్పుడు తాళం, ఆ తాళంచెవి బస్సులోనే. ఏసీ ఆగితే లేదా కొత్త గాలి కావాలంటే తెరవాలి. పైకప్పుకు తెల్లరంగు. ఫిల్టరు కడిగిన తేదీ ప్రయాణికులకు కనిపించేచోట రాయాలి. డబుల్‌డెక్కర్ గారూ, మీరు భయపడే ఆ ఒక్కరి సరదాకు ఇందులో చోటు లేదు.

డబుల్‌డెక్కర్

తాళం ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ తీసేది ఎవరు? కండక్టర్ లేని బస్సులో డ్రైవరే లేచి వెళ్లి ఎనిమిది తాళాలు తీయాలా?

స్టీరింగ్

నేను లేవను. నా సీటు దగ్గర ఒక మీట పెట్టండి, నొక్కితే అన్నీ ఒకేసారి విడవాలి. తలుపులు అలాగే తెరుస్తున్నాను కదా.