అప్‌డేట్: ఈసాప్ ఖర్చు మొదటి ఏడాదే 52 శాతం ఎందుకు పడుతుందో తేలింది

నా ప్రశ్న ఇదీ (ఈసాప్ అంటే ఉద్యోగులకు ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనే హక్కు, అంటే ఆప్షన్లు, ఇచ్చే పథకం): అన్‌లిస్టెడ్ కంపెనీ, ఇండ్ ఏఎస్ 102 (షేర్ల రూపంలో చెల్లింపులకు అకౌంటింగ్ ప్రమాణం) వర్తిస్తుంది, నాలుగేళ్లపాటు ఏటా 25 శాతం ఆప్షన్లు వెస్ట్ అవుతాయి (అంటే ఉద్యోగికి ఖాయంగా దక్కుతాయి). ఖర్చును ఏటా సమానంగా పంచితే ఆడిటర్ ఎందుకు ఒప్పుకోవట్లేదు?

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఏటా వెస్ట్ అయ్యే ప్రతి విడతనూ విడి గ్రాంట్‌గా (విడిగా ఇచ్చిన ఆప్షన్లుగా) చూడమన్న సలహాయే సరైనది, ఆడిటర్ కూడా అదే ఖాయం చేశారు. ఆప్షన్ల మొత్తం ఫెయిర్ వాల్యూ (లెక్కగట్టిన సరైన విలువ) రూ.12 లక్షలు, విడతకు 3 లక్షలు అనుకోండి. మొదటి విడత అంతా మొదటి ఏడాదికే పడుతుంది. రెండోది రెండేళ్లకు, మూడోది మూడేళ్లకు, నాలుగోది నాలుగేళ్లకు పంచాలి. అలా మొదటి ఏడాది 3 + 1.5 + 1 + 0.75 = 6.25 లక్షలు, అంటే మొత్తంలో 52 శాతం. ఆపై వరసగా 3.25, 1.75, 0.75. అసలు లెక్కలో విడతల విలువలు ఇంత సమానంగా రావు, ఎందుకంటే ఆప్షన్‌కు విలువ కట్టే బ్లాక్-షోల్స్ సూత్రంలో, ఆప్షన్ ఎన్నాళ్లకు వాడుకుంటారన్న అంచనా కాలం విడతవిడతకూ మారుతుంది. వొలటిలిటీకి, అంటే షేరు ధర ఊగిసలాటకు, అదే రంగంలోని లిస్టెడ్ కంపెనీలను తీసుకున్నారు.

షేరు విలువపై మర్చంట్ బ్యాంకర్ ఇచ్చే రిపోర్టు ఈ లెక్కకు అక్కర్లేదు. అది ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు (ఆప్షన్ వాడి షేర్లు కొన్నప్పుడు) ఉద్యోగి కట్టే పెర్క్విజిట్ టాక్స్ (జీతంతోపాటు వచ్చే ప్రయోజనంపై పన్ను) కోసం. ఖర్చుకు గ్రాంట్ నాటి విలువే ఆధారం, తర్వాత షేరు ధర ఎంత పెరిగినా మార్చరు.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. వెస్ట్ కాకముందే ఉద్యోగి మానేస్తే, ఆ ఆప్షన్లకు రాసిన ఖర్చు రివర్స్ అవుతుంది. వెస్ట్ అయ్యాక వాడుకోకుండా లాప్స్ అయితే లాభనష్టాల ఖాతాను ముట్టుకోకూడదు. ఆ మొత్తాన్ని ఈక్విటీలోనే రిటైన్డ్ ఎర్నింగ్స్‌కు (కంపెనీలో మిగిల్చుకున్న లాభాలకు) మార్చుకోవచ్చు.