కూలిన రిమోట్ హెలికాప్టర్‌లో వణుకు తగ్గడం లేదు

ప్రశ్న (నల్గొండ): మైదానంలో కూలిన మా అబ్బాయి హెలికాప్టర్‌కు కొత్త రెక్కలు బిగించినా, వేగం పెంచగానే యంత్రమంతా వణుకుతోంది. ముందుగా ఏ భాగాన్ని పరీక్షించాలో దయచేసి తెలుపగలరు.

జవాబు (మహబూబ్‌నగర్): అన్నగారూ, ముందు ఇరుసులను చూడండి. రెక్కలను తిప్పే నిలువు ఇరుసైన మెయిన్ షాఫ్ట్‌ను, అలాగే రెండు రెక్కల పట్టులను కలుపుతూ వాటి నడుమనున్న హబ్ (మధ్య దిమ్మ) గుండా సాగే సన్నని ఫెదరింగ్ షాఫ్ట్‌ను ఊడదీసి, చదునైన అద్దం పలకపై మెల్లగా దొర్లిస్తే, మామూలుగా కంటికి ఆనని వంపు కూడా అడుగు సందులోని వెలుతురులో బయటపడుతుంది. నా అనుభవంలో ఎక్కువగా వంగేది ఫెదరింగ్ షాఫ్టే. వంగినదాన్ని సుత్తితో సరిచేయకండి, కొత్తది వేయండి.

జవాబు (మిర్యాలగూడ): మెయిన్ షాఫ్ట్‌ను తిప్పే పళ్ల చక్రం, అంటే మెయిన్ గేర్‌ను చేతితో పూర్తి చుట్టు తిప్పి పళ్లు కూడా పరిశీలించండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఛార్జింగ్ పెట్టవద్దు; లిథియం పాలిమర్ బ్యాటరీ అంటుకుంటే ఇల్లే ప్రమాదంలో పడుతుంది.

ప్రశ్నించినవారు: ఫెదరింగ్ షాఫ్టే వంగింది. బేరింగులు కూడా మార్చాలా?

జవాబు (మహబూబ్‌నగర్): వేలితో తిప్పినప్పుడు గరగరమంటే తప్పక మార్చండి.