అమ్మ ఎంఆర్ఐ రిపోర్టులో ఈ మాటలకు అర్థం ఏమిటండీ?

అమ్మకు 64 ఏళ్లు, బీపీ ఉంది. తరచూ తల తిరుగుతోందంటే డాక్టరు గారు బ్రెయిన్ ఎంఆర్ఐ రాశారు. ‘అక్యూట్ ఇన్‌ఫార్క్ట్ లేదు’ అని ఉంది కాబట్టి కొత్తగా స్ట్రోక్ వచ్చిన ఆనవాళ్లు లేవని అర్థమైంది, అంతవరకు నయం. కానీ ఆ కిందే ‘వైట్ మ్యాటర్‌లో టీ2 ఫ్లెయిర్ హైపర్ఇంటెన్సిటీస్, క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 1’ అని రాశారు. అంటే మెదడు లోపలి తెల్లని భాగంలో స్కాన్‌లో తెల్లగా కనిపించే మచ్చలు, చిన్న రక్తనాళాల వల్ల చాలాకాలంగా వచ్చిన మార్పులు అట. ఇస్కీమిక్ అంటే రక్తం సరిగా అందకపోవడం కదా, అది చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఈ మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే ఫజెకాస్ గ్రేడ్ 0 నుంచి 3 వరకు ఉంటుందట, 1 అంటే తక్కువే. మరి చివర ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ (రోగి లక్షణాలతో పోల్చి చూడండి) అని ఎందుకు పెట్టారు? ఇంకేదైనా అనుమానమా, లేక అన్ని రిపోర్టుల్లోనూ రాసేదేనా? తల తిరగడానికి ఈ మచ్చలే కారణం కావచ్చా? సోమవారం డాక్టరు గారిని కలుస్తున్నాం. తెలిసినవారు, ఆయన్ని ఏమేం అడగాలో దయచేసి చెప్పండి.