హంపి వంతెనకు ‘కమాను’ అనవచ్చునా?

ప్రశ్న: పాత రాతి వంతెనల మీద వ్యాసం రాస్తున్నాను. హైదరాబాదు పురానాపూల్‌కు 22 కమానులని చదివాను. హంపి దగ్గర తుంగభద్రలో ఉన్న పాత వంతెనకు కూడా ఆ మాటే వాడవచ్చునా?

జవాబు: దయచేసి వాడకండి. అక్కడ కమానే లేదండీ. విఠలాలయం దాటాక ఏటిలో వరసగా నిలిచి కనిపించేవి రాతి కంబాలు. వాటి మీది దారి ఎప్పుడో పోయింది. మండపాన్ని ఏటిలోకి నడిపించినట్టుంటుంది ఆ కట్టడం. దానికి కంబం, దూలం, పలక వంటి గుడి మాటలే సరిపోతాయి. ఈ పద్ధతిలో కట్టినది ఇంకా నిలిచి ఉండగా చూడాలంటే శ్రీరంగపట్నం వెళ్లండి. మైసూరు దివాను పూర్ణయ్య హయాంలో 1804లో కావేరి మీద కట్టిన వెల్లెస్లీ వంతెనకు కంబాలూ రాయే, దూలాలూ రాయే.

కమాను పారసీ మాట. అసలు అర్థం విల్లు. ఫిడేలు కమాను కూడా ఇదే. రాయి ఎంత బరువు పెట్టినా నలగదు కానీ, వంచితే విరుగుతుంది. అందుకే రాతి దూలం పొడవు పెంచలేం, కంబాలు దగ్గర దగ్గరగా నిలపాలి. విల్లులా పేర్చిన రాళ్లు మాత్రం ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు, అక్కడి నుంచి పునాదికి దించుతాయి. స్తంభాలు తగ్గుతాయి, వరదకు దారి పెరుగుతుంది. విజయనగర శిల్పులకు కమాను తెలియక కాదు. హంపిలోని లోటస్ మహల్, ఏనుగుశాలలు చూడండి. అయినా ఏటి మీద కంబాలనే నమ్ముకున్నారు.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. పురానాపూల్ కట్టించిన ఇబ్రహీం కుతుబ్ షా, అంటే మన కవుల మల్కిభరాముడు, గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1565లో అదే రామరాయల మీదికి వెళ్లిన సుల్తానుల్లో ఆయనా ఒకడు. 1578లో మూసీ మీద వంతెన కట్టించాడు. హైదరాబాదు నగరం అప్పటికింకా పుట్టనే లేదు.

మళ్లీ ప్రశ్న: మరి హంపి వంతెనకు ‘ఖానా’ అనే మాట వాడవచ్చునా? ‘వారధి’ అంటే సముద్రమని, వంతెనకు తప్పని ఒకరు దిద్దారు.

జవాబు: సముద్రం ‘వారిధి’. తెలుగులో ‘వారధి’ అంటే వంతెనే. విజయవాడ కనకదుర్గ వారధి పేరు ఎవరికీ తప్పుగా తోచదు. నిశ్చింతగా రాయండి. ఖానా అంటే పారసీలో ఇల్లు, గది. వంతెన విషయంలో రెండు స్తంభాల నడుమ నీరు పారే సందు. కమాను ఆకారానికి పేరు, ఖానా ఖాళీకి పేరు. కాబట్టి హంపి వంతెనకు కమానులు లేకపోయినా ఖానాలు అనవచ్చు.